కళ్లు తెరిస్తే నాలుగు మార్కులు

నర్సు అనగానే చాలామందికి ఇంజెక్షను, సెలైను, మందుబిళ్లలు... ఇవే గుర్తొస్తాయి. ‘సిస్టర్, సెలైన్ అయిపోయింది’ అన్న పిలుపు వినని పూటంటూ మాకు ఉండదు. కానీ తలకు దెబ్బ తగిలినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు ఉండే న్యూరో వార్డులో మా అసలు పని వేరు. గంటగంటకీ మనిషిని లేపి, పలకరించి, మెదడు ఎలా పనిచేస్తోందో కనిపెట్టడం! చేతిలో ఉండేవి చిన్న టార్చి, పెన్ను, ఒక చార్టు.

ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఎంత గొప్ప స్కానింగ్ మిషన్ అయినా తీసిన నిమిషం సంగతే చెబుతుంది. ఆ తర్వాత తెల్లవారేదాకా ఏం జరుగుతోందో చెప్పాల్సింది మంచం పక్కనున్న మేమే.

పదిహేను మార్కుల పరీక్ష

పూర్వం ‘మగతగా ఉన్నాడు’, ‘సగం స్పృహలో ఉన్నాడు’ అని రాసేవారు. మగత అంటే ఎంత? ఒకరి దృష్టిలో మగత, ఇంకొకరికి మామూలు నిద్ర. ఈ గందరగోళం పోగొట్టడానికే 1974లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు ఒక కొలత తయారుచేశారు. అదే గ్లాస్గో కోమా స్కేల్. ఇప్పుడు ప్రపంచమంతటా వాడేది ఇదే.

ఇందులో చూసేవి మూడు. కళ్లు తెరవడానికి 4 మార్కులు, మాటకు 5, కదలికకు 6. మొత్తం 15. తనంతట తానే కళ్లు తెరిస్తే 4, పిలిస్తే తెరిస్తే 3, నొక్కితేనే తెరిస్తే 2, అసలు తెరవకపోతే 1. పరీక్షలో సున్నా ఉండదు. అంచేత అన్నిటికన్నా తక్కువ 3. తలకు దెబ్బ తగిలినవారిలో 8 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చిందంటే దెబ్బ తీవ్రమైనదని లెక్క. అప్పుడు ముందుగా ఊపిరి సంగతి చూడాలి.

చెప్పుకుంటే తేలిక. చేస్తేగానీ తెలియదు కష్టం! ‘నా చెయ్యి నొక్కండి’ అంటాం. నొక్కగానే సంబరపడకూడదు. అరచేతిలో ఏది పెట్టినా పట్టుకునే గుణం దెబ్బతిన్న మెదడులోనూ ఉండొచ్చు. ‘ఇప్పుడు వదలండి’ అన్నప్పుడు వదిలితేనే మాట అర్థమైనట్టు. కంటిపాప చూడటమూ అంతే. మన కళ్లు నల్లనివి కావడంతో పాప ఎక్కడ మొదలైందో టార్చి వేసినా ఒక్కోసారి తెలీదు. ఆపైన శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకు పాప గుండ్రంగా లేకపోవచ్చు. ఆ సంగతి ఇంట్లోవాళ్లు చెబితేనే మాకు తెలిసేది.

భర్త పేరు చెప్పని ఇల్లాలు

మాటకు మార్కులు వేయడం మరీ చిత్రం. పేరేంటి, ఎక్కడున్నారు, ఇది ఏ నెల అని అడగాలి. సరిగ్గా చెబితే 5, పొంతన లేకుండా మాట్లాడితే 4. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి ఒక పెద్దావిడను ‘మీ ఆయన పేరేంటమ్మా?’ అని అడిగింది. ఆవిడ తల తిప్పేసుకుంది. ‘తికమకగా ఉంది’ అని రాయబోతుంటే నేనే ఆపాను. ఆవిడకు మతి లేక కాదు తల్లీ, సిగ్గు! మొగుడి పేరు నోటితో చెప్పకూడదని పెరిగిన తరం ఆవిడది. ‘మీ పెద్దబ్బాయి పేరు?’ అని అడిగితే టక్కున చెప్పింది.

అలాగే ఇంగ్లీషు నెల, తారీఖు తెలియనివాళ్లు ఎందరో. ‘మొన్న ఏ పండగ వెళ్లింది? ఇప్పుడు చేలో ఏ పని జరుగుతోంది?’ అని అడిగితే చక్కగా చెబుతారు. ఉర్దూ, లంబాడీ, గోండి మాట్లాడేవారి దగ్గర వాళ్ల మాటలు నాలుగైనా నేర్చుకోక తప్పదు. వినికిడి లేని తాతగారికి మార్కులు తగ్గించే ముందు చెవి దగ్గరకెళ్లి గట్టిగా అడగాలి. ఇవన్నీ వార్డే నేర్పుతుంది.

‘ఎందుకమ్మా గిల్లుతున్నారు?’

పిలిచినా పలకనివారిని కాస్త గట్టిగా నొక్కి చూడాల్సి వస్తుంది. భుజం మీది కండనో, కనుబొమ దగ్గరి ఎముకనో నొక్కుతాం. మనిషి చెయ్యెత్తి మా చేతిని తోసేస్తే 5, ఊరికే చెయ్యి వెనక్కి లాక్కుంటే 4. ఈ రెంటికీ తేడా పెద్దదే. కానీ చూసేవాళ్ల కడుపు తరుక్కుపోతుంది. ‘అసలే బాధలో ఉంటే ఎందుకమ్మా గిల్లుతున్నారు?’ అని కోప్పడ్డ తల్లులున్నారు. వాళ్ల తప్పేం లేదు. ముందే విడమరిచి చెప్పడం మా పని. కానీ రాత్రిపూట ముప్ఫై మంచాలకు ఇద్దరమే ఉన్నప్పుడు అందరికీ విడమరిచి చెప్పే తీరికేదీ?

అంకెలిచ్చిన గొంతు

కొన్నేళ్ల కిందట బైకు మీంచి పడ్డ ఒక డిగ్రీ కుర్రాడు వార్డులో చేరాడు. సాయంత్రం 15కి 15. వాళ్లమ్మతో కబుర్లాడాడు. రాత్రి ఒంటిగంటకు నేను వెళ్తే ‘ఇప్పుడే కన్నంటుకుంది, లేపకండి సిస్టర్’ అందావిడ. అయినా లేపాను. పిలిస్తే కళ్లు తెరిచాడు. ఎక్కడున్నావంటే కాలేజీలో అన్నాడు. నాడి బాగా నెమ్మదించింది. కుడి కంటిపాప ఎడమదానికన్నా పెద్దదైంది, టార్చికి మెల్లగా ముడుచుకుంటోంది.

డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తే ‘అలసిపోయి ఉంటాడమ్మా’ అన్నారు. ‘15 ఉన్నవాడు 13కి దిగాడు సార్, పాపల్లో తేడా వచ్చింది’ అన్నాను. ఐదు నిమిషాల్లో వచ్చారు. స్కానులో పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య నెత్తురు గడ్డకట్టి ఉంది. ఇలాంటి దెబ్బలో కాసేపు మనిషి మామూలుగా కనిపించి, ఆ తర్వాత ఉన్నట్టుండి దిగజారిపోతాడు. వెంటనే ఆపరేషన్ చేశారు. కుర్రాడు నడిచే ఇంటికి వెళ్లాడు. ‘కాస్త తేడాగా ఉన్నాడు సార్’ అని మాత్రమే చెప్పి ఉంటే? నర్సు మాటకు బలమిచ్చేది ఆ అంకెలే.

అందుకే కొత్తవాళ్లకు రెండు సంగతులు పదేపదే చెబుతుంటాను. మొత్తం 13 అని రాసి ఊరుకోవద్దు. కళ్లకెంత, మాటకెంత, కదలికకెంత విడివిడిగా రాయాలి. గొంతులో గొట్టం ఉన్నవారు మాట్లాడలేరు కాబట్టి ఆ సంగతి రాయాలిగానీ 1 వేయకూడదు. డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ కలిసి మంచం దగ్గరే చూడాలి. అప్పుడే కొలతలో మనిషికీ మనిషికీ తేడా రాదు.

మీరు చేయాల్సింది

తలకు దెబ్బ తగిలిన మనిషి మీ ఇంట్లో ఉంటే కొన్ని గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ వాంతులు, తగ్గకుండా పెరిగే తలనొప్పి, మాటలో తడబాటు, ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడటం, ఫిట్స్, ఎంత పిలిచినా లేవకపోవడం... వీటిలో ఏది కనిపించినా తెల్లవారనిద్దామనుకోవద్దు. ముందెప్పుడూ లేని గురక వినిపిస్తే హాయిగా నిద్రపోతున్నాడని మురిసిపోకండి, లేపి చూడండి. ‘తాగి ఉన్నాడులే’ అని వదిలేయడం మరీ ప్రమాదం. తాగినవాడి తలకూ దెబ్బ తగులుతుంది కదా!

ఆసుపత్రిలో మేం నిద్ర లేపితే విసుక్కోకండి. చెవుడు, కంటి ఆపరేషన్, పాత పక్షవాతం లాంటివి ఉంటే ముందే చెప్పండి. ‘మావాడు ఎప్పుడూ ఇలా మాట్లాడడు సిస్టర్, ఏదో తేడాగా ఉంది’ అని మీకనిపిస్తే మొహమాటపడక వెంటనే వచ్చి చెప్పండి. మనిషి అసలు తీరు మాకంటే మీకే బాగా తెలుసు.