పట్టి ఉంచే బుడగ: ఫోలీ క్యాథెటర్ కథ

ప్రొస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దాయన ఏ జలుబు మాత్రో వేసుకున్న రాత్రి, ఉన్నట్టుండి మూత్రం బిగుసుకుపోవచ్చు. పొత్తికడుపు ఉబ్బి గట్టిపడుతుంది, ఎంత ముక్కినా చుక్క రాదు. మామూలుగా అర లీటరు దాకా పట్టే మూత్రాశయంలో ఒక్కోసారి లీటరు దాకా నిండిపోతుంది. ఆసుపత్రిలో మూత్రమార్గం గుండా గొట్టం (క్యాథెటర్) వేస్తే ఆ యాతన కొద్ది నిమిషాల్లోనే తీరిపోతుంది. ఇంత త్వరగా ఇంత ఊరటనిచ్చే సాధనాలు వైద్యంలో చాలా కొద్ది.

గొట్టం వేయడం కొత్తేమీ కాదు. ప్రాచీన భారత వైద్యులు లోహంతో, కర్రతో చేసిన గొట్టాలకు నెయ్యి పూసి వాడారు. పాంపే శిథిలాల్లో కంచు గొట్టాలు దొరికాయి. బిరుసు గొట్టం లోపలికి వెళ్తుంటే రోగి పడ్డ బాధ ఊహించుకోవచ్చు. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మూత్రాశయంలో రాళ్లతో బాధపడుతున్న తన అన్న జాన్ కోసం, ఫిలడెల్ఫియాలో ఒక వెండిపనివాడి చేత వంగే వెండి గొట్టం చేయించి పంపాడు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును దృఢపరిచే పద్ధతి కనిపెట్టాకే మెత్తని, మన్నికైన గొట్టాలకు దారి పడింది.

అయినా ఒక చిక్కు మిగిలింది: గొట్టం లోపల నిలవదు. దారాలతో కట్టినా, టేపులు అంటించినా జారేది. దీన్ని తీర్చినవాడు అమెరికాలోని సెయింట్ పాల్ నగర మూత్రవ్యాధుల వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ. ప్రొస్టేట్ శస్త్రచికిత్స తర్వాత కారే రక్తాన్ని ఒత్తిపట్టి ఆపడానికి 1920ల చివర్లో గొట్టం కొనకు బుడగ అమర్చాడు. ఆ బుడగే గొట్టాన్నీ పట్టి ఉంచింది. పేటెంటు మాత్రం 1936లో డేవల్ రబ్బర్ కంపెనీకి చెందిన పాల్ రైష్‌కు దక్కింది. ఫోలీ న్యాయపోరాటం చేసినా చివరికి నెగ్గలేదు. అయితేనేం, ఇవాళ ప్రతి వార్డులో వినిపించేది ఆయన పేరే.

ఒకసారి ఈ ఫోలీ క్యాథెటర్‌ను దగ్గరగా చూడండి. బయటి కొన రెండుగా చీలి ఉంటుంది. ఒక పాయ యూరిన్ బ్యాగ్‌కు పోతుంది. రెండో పాయకు రంగు వాల్వు ఉంటుంది: 14 సైజుకు ఆకుపచ్చ, 16కు నారింజ, 18కి ఎరుపు. సైజును మూడుతో భాగిస్తే గొట్టం మందం మిల్లీమీటర్లలో తెలుస్తుంది. గొట్టం పూర్తిగా లోపలికి వెళ్లి మూత్రం రావడం మొదలయ్యాక నర్సు ఆ వాల్వులోంచి సాధారణంగా 10 మి.లీ. శుద్ధజలం ఎక్కిస్తుంది. బుడగ ఉబ్బి మూత్రాశయం మెడ దగ్గర ఆనుకుంటుంది. సెలైన్ ఎక్కించరు, ఉప్పు గట్టిపడి సన్నని దారి మూసుకుపోవచ్చు. తీసేటప్పుడు ముందు ఆ నీటిని లాగేయాలి. మతిస్థిమితం తప్పిన రోగి బుడగతో సహా లాగేస్తే మూత్రమార్గం చిరిగి రక్తం కారుతుంది. అందుకే అలాంటి వారి పక్కన మనిషి తప్పక ఉండాలి.

లోపల నిలిచే ఈ గుణం వెంటే ప్రమాదమూ ఉంది. గొట్టం గోడల మీద సూక్ష్మజీవులు పొరగా పేరుకుంటాయి, గొట్టం ఉన్న ప్రతి రోజూ ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఒకప్పుడు మూత్రాన్ని తెరిచిన పాత్రలోకి వదిలేవారు, కొద్ది రోజుల్లోనే చాలామందికి ఇన్‌ఫెక్షన్ సోకేది. గాలి చొరబడని బ్యాగులు వచ్చాక అది తగ్గింది. 1972లో మిషిగన్‌లో జాక్ లాపిడెస్ మరో దారి చూపాడు: చేతులు శుభ్రంగా కడుక్కుని రోగే స్వయంగా రోజుకు కొన్నిసార్లు గొట్టం వేసుకుని తీసేయడం. వెన్నుపాము దెబ్బతిన్నవారి కిడ్నీలను కాపాడిన పద్ధతి ఇది. మన దగ్గర దీన్ని ఇంకా చాలా ఎక్కువమందికి నేర్పించాలి.

ఇంట్లో ఎవరికైనా గొట్టం ఉంటే బ్యాగును ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందికి ఉంచండి, నేలకు మాత్రం తగలనివ్వకండి. మెలిక పడకుండా చూడండి. చలిజ్వరం వచ్చినా, బ్యాగులోకి మూత్రం దిగడం ఆగిపోయినా ఆలస్యం చేయకండి. డాక్టరు వచ్చిన ప్రతిసారీ ‘ఇంకా అవసరమా, ఎప్పుడు తీస్తారు?’ అని అడగండి. ఇక మూత్రం పూర్తిగా బిగుసుకుపోతే సిగ్గుపడి తెల్లారేదాకా ఓర్చుకోవద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.