కుర్చీ ఉంటేనే కేథడ్రల్!

శృంగవరపుకోటలో కిరండూల్ పాసింజరెక్కి విశాఖ వెళ్లినవాళ్లు రాస్‌హిల్ మీదున్న మేరీమాత చర్చిని చూడకుండా రారు. ఆ పక్క కొండల మీదే దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. ఇంత పేరున్నా కొండమీది చర్చి కేథడ్రల్ కాదు. ఆ హోదా రైల్వేస్టేషను పక్కనే జ్ఞానాపురంలో ఉన్న సెయింట్ పీటర్స్ చర్చిది.

ఎందుకంటే... బిషప్పుగారి కుర్చీ అక్కడుంది కాబట్టి.

కేథడ్రల్ అంటే పెద్ద చర్చి అనుకుంటారు చాలామంది. గ్రీకులో 'కథెద్ర' అంటే ఆసనం. పూర్వం గురువు కూర్చునే బోధించేవాడు. అందుకే ఆసనం అధికారానికి గుర్తయింది. కొన్ని జిల్లాల చర్చిలన్నిటికీ పెద్దయిన బిషప్ ఏ చర్చిలో ఆసీనుడవుతాడో అది లాటిన్‌లో 'ఆసనమున్న చర్చి' అయింది. వాడుకలో 'చర్చి' రాలిపోయి 'ఆసనం' మిగిలింది. ఇంగ్లిషు 'చైర్' కూడా ఈ మాట నుంచి పుట్టిందే. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీకీ, యూనివర్సిటీలో ప్రొఫెసర్ చైర్‌కూ అదే మూలం!

మనకిది కొత్తేం కాదు. పీఠమంటే కూర్చునే పీటే, మఠమూ పీఠమే. తెలుగు కేథలిక్కులు బిషప్ పరిధిని 'మేత్రాసనం' అంటారు. బిషప్‌ని మేత్రాణులంటారు. ఆయన ఆసనమే మేత్రాసనం. గ్రీకు మాట తెలియకపోయినా అర్థం మాత్రం పొల్లుపోలేదు.

మెదక్ సంగతి ఇంకా చిత్రం. కరవు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ చార్లెస్ పాస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. నూరడుగుల వెడల్పు, రెండొందల అడుగుల పొడవు, 175 అడుగుల శిఖరం. అయినా అప్పటికి అది కేథడ్రల్ కాదు. కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషన్. బ్రిటన్ మెథడిస్టులకు బిషప్పులే లేరు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదక్‌కు బిషప్ వచ్చాకే ఆ పేరు దక్కింది. కట్టడం ఒక్క అడుగు పెరగలేదు, లోపలికి ఒక ఆసనం వచ్చిందంతే.

రోములోనూ ఇదే తంతు. టీవీలో పోప్ కనిపించే సెయింట్ పీటర్స్ బసిలికా ఆయన కేథడ్రల్ కాదు. రోము బిషప్‌గా ఆయన ఆసనం ఊళ్లో మరోచోట, సెయింట్ జాన్ లాటెరన్‌లో ఉంది.