అండమాన్ పటంపై పరమవీరులు: దీవుల పేర్ల వెనుక శౌర్య పతకాల కథ

ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాలో జనసంచారం లేని ఒక దీవికి 2023 జనవరి 22 వరకు పేరు లేదు. ప్రభుత్వ పత్రాల్లో అది 'ఐఎన్‌ఏఎన్ 370' అనే గుర్తింపు సంఖ్య మాత్రమే. మరునాడు అది 'సోమనాథ్ ద్వీప్' అయింది. నేతాజీ సుభాష్ చంద్రబోస్ జయంతిని పురస్కరించుకుని పాటించే పరాక్రమ దివస్ సందర్భంగా, అండమాన్ నికోబార్ దీవుల్లో పేరు లేని 21 పెద్ద దీవులకు 21 మంది పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెడుతున్నట్లు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ వీడియో మాధ్యమం ద్వారా ప్రకటించారు. వీటిలో 16 దీవులు ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాలోనూ, 5 దీవులు దక్షిణ అండమాన్ జిల్లాలోనూ ఉన్నాయి.

పేర్ల కేటాయింపునకు ఒక క్రమం పాటించారు. పేరు లేని దీవుల్లో అన్నింటికంటే పెద్దదానికి తొలి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ పేరు, రెండో పెద్ద దీవికి రెండో గ్రహీత పేరు, ఆ తర్వాత అదే వరుసలో మిగిలినవారి పేర్లు పెట్టారు. పతకం పొందిన నాటి హోదాకు గానీ, ఆ తర్వాత అందుకున్న పదోన్నతికి గానీ ఇందులో ప్రమేయం లేదు. ఈ నిర్ణయంలోని ప్రత్యేకత అర్థం కావాలంటే దీవుల పాత పేర్లను, భారత శౌర్య పురస్కారాల వ్యవస్థను కలిపి చూడాలి.

పటంపై పాత సేనానులు

1857 తిరుగుబాటును అణచివేసిన బ్రిటిష్ పాలకులు మరుసటి ఏడాదే అండమాన్‌లో శిక్షా స్థావరాన్ని నెలకొల్పారు. తిరుగుబాటులో పట్టుబడిన వారిని అక్కడికే పంపారు. అణచివేతకు నాయకత్వం వహించిన సేనానుల పేర్లు ఆ దీవుల పటంపైకి చేరాయి. లక్నో పోరాటంతో ముడిపడిన మేజర్ జనరల్ హెన్రీ హేవ్‌లాక్, జేమ్స్ ఔట్రామ్, మద్రాస్ ఫ్యూజిలియర్స్ దళానికి చెందిన బ్రిగేడియర్ జనరల్ జేమ్స్ నీల్ వారిలో ముఖ్యులు. బందీగా వచ్చినవాడు తనను ఓడించిన జనరల్ పేరున్న దీవిని చూస్తూ బతకవలసి వచ్చింది.

ఈ పేర్లపై నిరసన దక్షిణాదిలోనే బలంగా వ్యక్తమైంది. మద్రాసు మౌంట్ రోడ్డులోని నీల్ విగ్రహాన్ని తొలగించాలంటూ 1927లో సత్యాగ్రహం జరిగింది. పదేళ్ల తర్వాత, 1937లో, ఆ విగ్రహం వీధి నుంచి మ్యూజియానికి చేరింది. దీవుల పేర్లు మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఏడు దశాబ్దాలు కొనసాగాయి. 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ దీవి షహీద్ ద్వీప్‌గా, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా మారాయి. నేతాజీ 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో జాతీయ పతాకాన్ని ఎగురవేసి 75 ఏళ్లు పూర్తయిన రోజది.

2023 నాటి నిర్ణయం దీనికి కొనసాగింపే అయినా, ఒక తేడా ఉంది. పాత పటంపై ఎక్కువగా సేనాధిపతులు, పాలకులు కనిపిస్తారు. కొత్త జాబితాలోని 21 మందిలో తొమ్మిది మంది వీరకృత్యం చేసిన నాటికి సాధారణ సైనికులు, హవల్దార్లు, సుబేదార్ల స్థాయి వారే. మిగిలిన 12 మంది అధికారుల్లో ఒక్కరు కూడా ఆనాటికి జనరల్ కారు.

ఆరు చక్రాలు, రెండు వరుసలు

భారత శౌర్య పురస్కారాలు రెండు వరుసలుగా ఉంటాయి. శత్రువు ఎదుట చూపిన పరాక్రమానికి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర ఇస్తారు. 1950 జనవరి 26న నెలకొల్పిన ఈ మూడింటినీ 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. కశ్మీర్‌లో జరిగిన తొలి యుద్ధ వీరులకు గుర్తింపు దక్కాలన్నది దీని ఉద్దేశం. యుద్ధరంగానికి వెలుపల చూపిన సాహసానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర ఉన్నాయి. 1952లో ఇవి అశోక చక్ర మొదటి, రెండో, మూడో తరగతులుగా మొదలై, 1967లో ఇప్పటి పేర్లు పొందాయి. గౌరవ క్రమంలో పరమవీర చక్ర, అశోక చక్ర, మహావీర చక్ర, కీర్తి చక్ర, వీర చక్ర, శౌర్య చక్ర వరుసగా వస్తాయి.

శత్రువు ఎదుట, శత్రువు లేని చోట అన్న ఈ భేదానికి అండమాన్‌లోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1867 మే 7న లిటిల్ అండమాన్ తీరంలో చిక్కుకుపోయిన సహచరులను ఉగ్రమైన అలల మధ్య నుంచి పడవలో కాపాడినందుకు బ్రిటిష్ సైన్యంలోని 24వ రెజిమెంటుకు చెందిన ఐదుగురికి విక్టోరియా క్రాస్ దక్కింది. అందులో ఒకరు సైనిక వైద్యుడు. వారు పోరాడింది ప్రధానంగా సముద్రంతో. ఆనాటి నిబంధనల్లో అందుకు వీలుండేది. నేటి భారత వ్యవస్థలో అటువంటి సాహసం అశోక చక్ర వరుసలోకి వస్తుంది.

పరమవీర చక్ర రూపకల్పన చేసినది స్విట్జర్లాండ్‌లో జన్మించి, భారత సైనికాధికారి విక్రమ్ ఖానోల్కర్‌ను వివాహమాడిన సావిత్రీ ఖానోల్కర్. కంచు పతకంపై ఇంద్రుని వజ్రాయుధాన్ని నాలుగు దిక్కులా, మధ్యలో జాతీయ చిహ్నాన్ని ఆమె అమర్చారు. లోకహితం కోసం తన ఎముకలనే వజ్రాయుధంగా ఇచ్చిన దధీచి మహర్షి త్యాగం ఈ చిహ్నానికి ఆధారం. తొలి పతకం మరణానంతరం పొందిన సోమనాథ్ శర్మ, ఆమె అల్లుడికి సోదరుడు కావడం యాదృచ్ఛికం.

1947 నవంబరు 3న శ్రీనగర్ సమీపంలోని బడ్గాం వద్ద సోమనాథ్ శర్మ ప్రాణత్యాగం చేశారు. అప్పటికి ఆయన ఎడమ చేతికి కట్టు ఉంది. ఆ చేత్తోనే మేగజైన్లలో తూటాలు నింపి సైనికులకు అందించారు. తన కంపెనీ కంటే అనేక రెట్లు పెద్ద దాడిని అడ్డుకున్నందువల్ల శ్రీనగర్ విమానాశ్రయానికి అదనపు బలగాలు చేరే వ్యవధి చిక్కింది.

పతకం ఎలా నిర్ణయిస్తారు

శౌర్య పతకానికి దరఖాస్తు ఉండదు. ఘటన జరిగిన యూనిట్ కమాండింగ్ అధికారి ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలాలతో సిఫార్సు రాస్తారు. అది పై స్థాయి కమాండర్ల ద్వారా త్రివిధ దళాల ప్రధాన కార్యాలయానికి, అక్కడి నుంచి రక్షణ మంత్రిత్వ శాఖ పరిశీలనకు వెళ్తుంది. చివరి ఆమోదం రాష్ట్రపతిది. సాధారణంగా గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం సందర్భాల్లో పురస్కారాలను ప్రకటిస్తారు. ఒకే పతకం రెండోసారి లభిస్తే దాన్ని 'బార్' అంటారు.

పతకంతో పాటు నెలవారీ భత్యం కూడా ఉంటుంది. 2017 ఆగస్టు నుంచి అమలైన సవరణ ప్రకారం పరమవీర చక్రకు రూ.20,000, అశోక చక్రకు రూ.12,000, మహావీర చక్రకు రూ.10,000, వీర చక్రకు రూ.7,000 చొప్పున కేంద్రం నిర్ణయించింది. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే నగదు, స్థలాలు వేరు.

జనరల్ గుండెపై పతకం ఏం చెబుతుంది

జనరల్ హోదాలోని అధికారి యూనిఫాంపై రంగురంగుల పట్టీలు వరుసలు తీరి ఉంటాయి. వాటన్నింటినీ శౌర్య చిహ్నాలుగా భావించడం పొరపాటు. పరమ విశిష్ట సేవా పతకం, అతి విశిష్ట సేవా పతకం, విశిష్ట సేవా పతకం సుదీర్ఘమైన, అసాధారణమైన సేవకు గుర్తింపు. యుద్ధకాలంలో నాయకత్వ ప్రతిభకు సర్వోత్తమ, ఉత్తమ యుద్ధ సేవా పతకాలు, యుద్ధ సేవా పతకం 1980లో వచ్చాయి. మరికొన్ని పట్టీలు ఫలానా యుద్ధంలో పాల్గొన్నారనో, ఫలానా ప్రాంతంలో పనిచేశారనో తెలుపుతాయి. శత్రువు కాల్పుల ఎదుట నిలిచినందుకు దక్కేవి చక్రాలు, శౌర్యానికిచ్చే సేనా పతకం మాత్రమే.

డివిజన్‌ను నడిపే జనరల్ పని ప్రధానంగా ప్రణాళిక, నిర్ణయం. కాల్పుల రేఖపై ఉండేది కంపెనీలు, బెటాలియన్లు. అందువల్ల జనరళ్ల ఛాతీపై కనిపించే శౌర్య పతకాల్లో అధికభాగం వారు కెప్టెన్లుగా, మేజర్లుగా, బెటాలియన్ కమాండర్లుగా ఉన్నప్పటివి. ఫీల్డ్ మార్షల్ సామ్ మానెక్‌షా మిలిటరీ క్రాస్ పొందినది 1942లో బర్మా రంగంలో, కెప్టెన్‌గా తీవ్రంగా గాయపడినప్పుడు. జనరల్ అరుణ్ వైద్య 1965లో దక్కన్ హార్స్ రెజిమెంటు కమాండర్‌గా మహావీర చక్ర, 1971లో బ్రిగేడియర్‌గా దానికి బార్ అందుకున్నారు. అనంతరం సైన్యాధ్యక్షులయ్యారు.

జనరల్ హోదాలోనే శౌర్య పతకం పొందిన అరుదైన ఉదాహరణ మేజర్ జనరల్ రాజిందర్ సింగ్ 'స్పారో'. 1948లో లెఫ్టినెంట్ కల్నల్‌గా 11 వేల అడుగులకు పైగా ఎత్తున్న జోజి లా కనుమలోకి ట్యాంకులను నడిపించి మహావీర చక్ర పొందారు. 1965లో ఒకటో ఆర్మర్డ్ డివిజన్ అధిపతిగా సియాల్‌కోట్ రంగంలో బార్ సాధించారు.

పరమవీర చక్ర పొందినవారిలో ఆనాటి అత్యున్నత హోదా లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దేశిర్ బుర్జోర్జీ తారాపోర్‌ది. ఆయన సైనిక జీవితం హైదరాబాద్ సంస్థాన సైన్యంలో మొదలైంది. 1965 సెప్టెంబరులో ఫిల్లోరా, చవిండా పోరాటాల్లో గాయపడినా వెనక్కి వెళ్లేందుకు నిరాకరించి, సెప్టెంబరు 16న వీరమరణం పొందారు. ఆయన పూనా హార్స్ రెజిమెంటు దాదాపు 60 శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి తొమ్మిదింటిని మాత్రమే కోల్పోయిందని ప్రశంసాపత్రం పేర్కొంది. అండమాన్‌లోని 21 దీవుల్లో ఒకటి నేడు ఆయన పేరుతో ఉంది.

తెలుగు నేల నుంచి

తెలుగు రాష్ట్రాలకు చెందినవారెవరూ ఇంతవరకు పరమవీర చక్ర పొందలేదు. అయితే ఆ తర్వాతి యుద్ధ పురస్కారమైన మహావీర చక్ర తెలుగు నేలకు దక్కింది. తిరుపతికి చెందిన మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ 1971 యుద్ధంలో లెఫ్టినెంట్ కల్నల్‌గా గూర్ఖా రైఫిల్స్ బెటాలియన్‌కు నాయకత్వం వహించారు. నేటి బంగ్లాదేశ్‌లోని ఉథలి, దర్సనల వద్ద పటిష్ఠమైన శత్రు స్థావరాలను స్వాధీనం చేసుకుని, ఝెనైదా దిశగా ముందుకు సాగిన ఆ పోరాటానికి ఆయనకు మహావీర చక్ర లభించింది. మేజర్ జనరల్ హోదా ఆ తర్వాత వచ్చింది. యుద్ధ విజయానికి 50 ఏళ్లయిన సందర్భంగా 2021 ఫిబ్రవరిలో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్ రెడ్డి తిరుపతిలో ఆయన ఇంటికి వెళ్లి సత్కరించారు.

కార్గిల్‌లో 1999 జూన్ 28న అమరుడైన హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య, 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు మరణానంతరం మహావీర చక్ర పొందారు.

1971 యుద్ధం అండమాన్‌కు, విశాఖపట్నానికి మధ్య మరో బంధం కలిపింది. విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లోని ఏకాంత రేవులో దాచారు. దాన్ని వెతుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగిపోయింది. డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి. నౌక కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కు మహావీర చక్ర లభించింది. 21 మంది పరమవీరుల్లో 20 మంది పదాతి, ఇతర సైనిక దళాల వారు, ఒకరు వైమానిక దళానికి చెందిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్. నౌకాదళం నుంచి ఆ జాబితాలో ఎవరూ లేరు. అయినా వారి పేర్లకు కాపలా కాస్తున్నది మాత్రం సముద్రమే.

పేరు తర్వాత

ఆ 21 మందిలో 14 మందికి పతకం మరణానంతరమే అందింది. దీవులకు పేర్లు పెట్టేనాటికి జీవించి ఉన్నది ముగ్గురే: సియాచిన్ వీరుడు బానా సింగ్, కార్గిల్ వీరులు యోగేంద్ర సింగ్ యాదవ్, సంజయ్ కుమార్. బతికుండగానే తమ పేరు దేశ పటంపై చూసుకునే అవకాశం వారికి దక్కింది.

పటంపై పేరు రాయడం తేలిక. ఆ పేరు వెనుక ఉన్న మనిషి ఎవరో తర్వాతి తరానికి తెలియడమే అసలు పని. జనావాసం లేని దీవికి వెళ్లి పేరు చదివేవారు తక్కువ. పాఠశాలలో, ఊరి కూడలిలో, సైనికుడి సొంత ఇంటి వద్ద ఆ కథ వినిపించినప్పుడే పేరుకు అర్థం ఉంటుంది. హేవ్‌లాక్, నీల్ పేర్లు నూటయాభై ఏళ్లకు పైగా పటంపై నిలిచినా, వారు ఏం చేశారో చాలామంది పర్యాటకులకు తెలియలేదు. లాన్స్ నాయక్ కరమ్ సింగ్, హవల్దార్ అబ్దుల్ హమీద్, లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కాల విషయంలో అలా జరగకుండా చూడడమే ఈ పేర్లకు దక్కే నిజమైన గౌరవం.