నిదానపు బ్యాటరీ బండి: కొనేముందు వేయవలసిన లెక్క



తోటలోని కూరగాయలు సంతకు చేర్చడానికి ఒకప్పుడు ఎడ్లబండి కట్టేవాళ్లం. తర్వాత ఆటో మాట్లాడుకున్నాం. ఇప్పుడు పొగ, చప్పుడు లేని బ్యాటరీ బండి మీదికి చాలామందికి మనసు పోతున్నది.

ఈ జాతి బండ్లలో గోల్ఫ్ బండి పాతది. ఆటస్థలంలో తిరగడానికి పుట్టినా, అమెరికాలోని పీచ్‌ట్రీ సిటీ అనే ఊళ్లో జనం బడికీ బజారుకూ దాని మీదనే పోతారు. అందుకని సుమారు 160 కిలోమీటర్ల బాటలు వేరే వేసుకున్నారు. మన దేశంలో ఇ-రిక్షాకు, సరుకులు మోసే ఇ-కార్టుకు 2014లో నిబంధనలు వచ్చినవి. ఇ-కార్టు వేగం గంటకు 25 కిలోమీటర్లు, సరుకు 310 కిలోలు మించరాదు. అంటే యాభై కిలోల బస్తాలు ఆరు.

ఇందులో లాభమేమిటంటారా? ఇంజను ఆయిలు లేదు, క్లచ్చి లేదు. 48 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండా పట్టేది 4.8 యూనిట్లే. ఛార్జింగులో పోయేది కలుపుకుంటే ఆరు యూనిట్లనుకోండి.

అయితే అసలు ఖర్చు కరెంటుది కాదు, బ్యాటరీది. నాకు తెలిసిన ఒక రైతు ఆరు బస్తాల బండిమీద పది వేసి తోలాడు. ఏడాది తిరక్కముందే బ్యాటరీలు మార్చవలసి వచ్చింది. డీజిలుపై మిగిలిన డబ్బంతా బ్యాటరీల కొట్టుకే పోయింది.

కాబట్టి సీసం బ్యాటరీ విషయంలో ఇవి పాటించండి:

1. సగం తగ్గగానే ఛార్జి పెట్టండి. ఖాళీ అయిన బ్యాటరీని రాత్రంతా అలా వదలవద్దు.

2. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బావినీరు, కొళాయినీరు పనికిరావు. వాటిలోని లవణాలు పలకలను చెరుపుతవి.

3. ఛార్జి అయ్యేటప్పుడు మండే వాయువు వెలువడుతుంది. గాలి ఆడే చోట పెట్టండి. దగ్గర చుట్ట, బీడీ ముట్టించవద్దు.

4. వ్యవసాయ మోటారుకిచ్చిన కనెక్షను బండికి వాడకూడదు. ఇంటి మీటరు నుంచే ఛార్జి చేయండి.

లిథియం బ్యాటరీకి నీళ్ల పని లేదు, బరువూ తక్కువే. కాని ధర ఎక్కువ, దానికి తగిన ఛార్జరే వాడాలి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతు అప్పు కాగితం మీద సంతకం పెట్టకముందే, వారం రోజులు ఎంత బరువు, ఎంత దూరం మోశాడో రాయించండి. బ్యాటరీ పాతబడేకొద్దీ బండి నడిచే దూరం తగ్గుతుంది. అందుకని అమ్మేవాడు చెప్పిన దూరంలో సగానికి రాకపోకలు సరిపోతేనే కొనమనండి. లైసెన్సు, రిజిస్ట్రేషను సంగతి, ఏ రోడ్డు మీద తోలవచ్చో రవాణా కార్యాలయంలో ముందే అడిగించండి.

ఎద్దు అలిసిపోతే నిలబడిపోతుంది, మనకు తెలుస్తుంది. బ్యాటరీ అలిసిన సంగతి చెడిన తర్వాతగాని తెలియదు. దాని బరువు లెక్క మనమే చూసుకోవాలి.