దుబాయ్ వెళ్లే అక్కలకు నాలుగు అరబ్బీ మాటలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు కువైట్ వెళ్లినా, మస్కట్ వెళ్లినా ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. వెళ్లేది ఎక్కువగా మగవాళ్లే. ఇంటిపనికి బయలుదేరే ఆడవాళ్లూ ఉన్నారు. వీసా, టికెట్టు, పచ్చళ్లు అన్నీ చూసుకుంటారు గానీ భాష మాటెత్తితే “హిందీ వస్తది గదా” అంటారు. క్యాంపుల్లో తోటివాళ్లతో హిందీ నడుస్తుంది. అరబ్బుల ఇంట్లో ఒంటరిగా పనిచేసే మనిషికి అదొక్కటే చాలదు.

నన్నడిగితే ‘తఆలీ’ (రా), ‘జీబీ’ (తీసుకురా), ‘రూహీ’ (వెళ్లు) లాంటివి ఇక్కడ బట్టీ పట్టనక్కర్లేదు. రోజూ చెవిన పడి అవే వస్తాయి. మనం నోరు తెరిచి అడగాల్సిన మాటలే అక్కడ ఎవరూ నేర్పరు.

ముందు ‘అబీ’. హిందీ ‘అభీ’ కాదండోయ్! కువైట్‌లో ‘నాకు కావాలి’ అని అర్థం. ‘అబీ మాయ్’ అంటే నీళ్లు కావాలి. ‘అబీ మఆషీ’ అంటే నా జీతం కావాలి. ‘అబీ అరూహ్ ముస్తష్ఫా’ అంటే ఆసుపత్రికి వెళ్లాలి. ఒంట్లో బాగాలేకపోతే ‘అనా మరీదా’ అనండి. మగవాళ్లైతే ‘మరీద్’ అంటారు. మందు మాత్రం మనకు తెలిసిన ‘దవా’నే.

‘మాఫీ’ అనగానే మనకు రుణమాఫీ గుర్తొస్తుంది. అక్కడ దానికి ‘లేదు’ అని అర్థం. ‘మఆష్ మాఫీ’ అన్నారంటే జీతం లేదన్నమాట! సంబరపడి తలూపకండి. అర్థం కాకపోతే ‘మా అఫ్హమ్’ అనేయండి. కాగితంమీద సంతకం పెట్టమన్నప్పుడు ఈ మాట మరీ అవసరం.

‘వేన్ జవాజీ?’ అంటే నా పాస్‌పోర్టు ఎక్కడ? కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం పనిమనిషి ఒప్పుకోకుండా యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవివ్వాలి. గట్టిగా అడగాల్సి వస్తే ‘సఫారత్ అల్ హింద్’, అంటే మన రాయబార కార్యాలయం పేరెత్తండి.

ఇంకో మాట. గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలన్నది మన ప్రభుత్వ నియమం. అంతకంటే చిన్నవాళ్లను విజిట్ వీసాపై పంపిస్తానన్న ఏజెంటును నమ్మకండి. అతని పేరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో పిల్లలచేత చూపించుకోండి.

ఈ మాటల్ని, రాయబార కార్యాలయం ఫోన్ నంబరును తెలుగులోనే ఓ కాగితంమీద రాసుకోండి. సెల్‌ఫోన్ చేతిలో లేకున్నా కాగితం దగ్గరుంటుంది. అలాంటిదే ఇంకోటి, పాస్‌పోర్టు జిరాక్సుతో కలిపి, ఇంట్లో అత్తమ్మకో చెల్లెకో ఇచ్చి వెళ్లండి.