ఏ జాతి చిత్రమును చూతము?

పౌరాణికము, జానపదము, సాంఘికము అను మూడు పేర్లతో తెలుగు చలనచిత్రములన్నియు వింగడింపబడుచుండిన కాలమున, గోడపత్రికను చూచిన మాత్రముననే ప్రేక్షకునకు తానేమి చూడబోవుచున్నాడో తెలిసియుండెడిది. జానపదమునకు పోయినవాడు సంసారపు చిక్కులను వెదకెడివాడు కాడు, సాంఘికమునకు పోయినవాడు మాంత్రికుని గుహను కోరెడివాడు కాడు. ఈ విభాగము దర్శకుల చేతులను కట్టివైచినదని తలపరాదు. 1951లో ‘పాతాళభైరవి’ని, 1954లో ‘పెద్దమనుషులు’ను, 1957లో ‘మాయాబజార్’ను తీసి, మూడు జాతులయందును మేలిచిత్రములను నిలిపిన కె.వి.రెడ్డి ఒక్కడే. ఆయన మాంత్రికుని కథలోనికి పురపాలక రాజకీయమును దింపలేదు. ఊరిపెద్దల బండారమును బయటపెట్టు కథలో మంత్రపుంగరమును చూపలేదు.

తరువాతి దశాబ్దములలో ఆ మూడు పేర్లును మాసిపోయి, వాని స్థానమున కథానాయకుని పేరొక్కటే జాతిసూచకమై కూర్చున్నది. ఎవరి చిత్రమని అడుగుటయే గాని ఎట్టి చిత్రమని అడుగువారు అరుదైరి. అడిగినను ప్రయోజనము లేకుండెను. ఏలయన ప్రతి చిత్రమును ఆరు పాటలను, నాలుగు పోరాటములను, కథతో పొత్తులేని హాస్యమును, కడపట తల్లి కన్నీటిని, ఒకే విస్తరిలో అన్ని వ్యంజనములను వడ్డించినట్లు, తప్పక అందింపవలసినదే. 2020లో థియేటర్లు మూతపడి జనులు ఇండ్లలో చిక్కుకొనిన నెలలలో ఈ అలవాటు కొంత సడలినది. మలయాళ చిత్రములను, కొరియా ధారావాహికలను, ఎన్నడును పేరు వినని నటుల నేరపరిశోధన కథలను ఓటీటీలలో వరుసగా చూచిన గృహిణులును విద్యార్థులును మరల థియేటర్లకు వచ్చినప్పుడు ‘ఇది ఏ జానర్?’ అను ప్రశ్నను వెంటబెట్టుకొనియే వచ్చిరి. 2023 మొదలు 2025 వరకు వెలువడిన తెలుగు చిత్రములలో చూడదగినవానిని ఏరిన యెడల నాకు తోచునది ఇది: ఒక జాతిని ఎన్నుకొని, దాని ధర్మమునకు కడవరకు కట్టుబడిన చిత్రములు నిలిచినవి, ఆ కట్టు ఎచట సడలినదో అచటనే, ఎంత గొప్ప చిత్రమైనను, తడబడినది.

కుటుంబకథలలో మొట్టమొదట చెప్పదగినది 2023 మార్చి 3న విడుదలయైన ‘బలగం’. హాస్యనటుడుగా జనమెరిగిన వేణు యెల్దండి దర్శకుడుగా తీసిన తొలి చిత్రమిది. సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో కొమురయ్య అను ముదుసలి, కథ మొదలైన కొంతసేపటికే కన్నుమూయును. మిగిలిన చిత్రమంతయు ఆయన దినకర్మల చుట్టును తిరుగును. అప్పులలో మునిగి, కట్నముగా చేతికి రాబోవు సొమ్ముపైననే ఆశలన్నియు పెట్టుకొనియున్న మనుమడు సాయిలు, తాత పోయినందులకు దుఃఖించుటకంటె ముందుగా తన పెండ్లి ఏమి కాబోవుచున్నదో యని దిగులుపడును. పెట్టిన కూటిని పిట్ట ముట్టదు. ముసలాయన మనసులో ఏ కోరిక మిగిలియున్నదో యని ఊరు గుసగుసలాడును. ఏండ్ల క్రిందట ఒక విందులో నల్లిబొక్క (మూలుగ గల ఎముక) విషయమై బావమరుదుల నడుమ పుట్టిన మాటపట్టింపు, ఆడబిడ్డను పుట్టినింటి గడప తొక్కకుండ చేసిన వైనము ఒక్కొక్క పొరగా విప్పబడును.

చావింట నవ్వు పుట్టించుట కత్తిమీది సాము వంటిది. కొంచెము తప్పినచో మోటుదనమగును. వేణు ఆ నవ్వును హాస్యపాత్రల చేత తెప్పింపక, శవము ముందర కూర్చుండియు తన మర్యాద తక్కువైనదని అలుగు అల్లుని యందును, పాడె లేవకముందే లెక్కలు వేసికొను బంధువుల యందును చూపెను. ఇందు పోరాటము లేదు. విదేశములలో చిత్రించిన యుగళగీతము లేదు. పాటలు సైతము కర్మకాండలోనుండియు, ఊరి జీవనములోనుండియు పుట్టినవే. కడపట బుడిగజంగాల కళాకారులైన కొమురమ్మ మొగిలయ్యలు చనిపోయినవాని జీవితమునే కథగా అల్లి పాడునప్పుడు, అంతవరకు నవ్విన సభ యావత్తు కన్నీరు పెట్టును. ఆ కథాగానము చిత్రము కొరకు కల్పింపబడిన ఆచారము కాదు. తెలంగాణమున నేటికిని దినకర్మలకు కళాకారులను పిలిపించి పాడించుకొనుట గలదు. మొగిలయ్య 2024 డిసెంబరులో కీర్తిశేషుడయ్యెను. ఈ చిత్రములో పల్లెటూరిని గూర్చిన పాటకు కాసర్ల శ్యామ్ 71వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ గీతరచయితగా ఎన్నికయ్యెను. అయితే ఆ పురస్కారముకంటెను, ఊరి నడుమ తెర కట్టి పంచాయతీలవారు జనులందరికిని ఈ చిత్రమును చూపిన వార్తలే నాకు ఎక్కువ విలువగలవిగా తోచినవి.

ఇదే కోవకు చెందినదైనను చిన్న ప్రాయము వారి దిక్కునుండి కథ చెప్పినది నందకిశోర్ ఈమాని తీసిన ‘35 – చిన్న కథ కాదు’. తిరుపతిలో ఒక బాలునకు లెక్కలు రావు. రాకపోవుటకు కారణము మందబుద్ధి కాదు, సున్నకు తనంతట విలువ లేనప్పుడు ఒకటి ప్రక్కన చేరినంతనే పది యెట్లగునని వాడు అడిగిన ప్రశ్నకు ఎవరును ఉత్తరమీయకుండుట. పదవ తరగతి తప్పిన తల్లి, కొడుకునకు చెప్పుటకై తానే మరల లెక్కలు నేర్చుకొనును. తల్లిగా నివేదా థామస్ నటన ఎచటను బిగ్గరగా లేదు. పిల్లలను వెంటబెట్టుకొని నిర్భయముగా పోదగిన చిత్రము. ఉపాధ్యాయులు చూచినచో మరియు మేలు.

న్యాయస్థానపు కథలు మనకు క్రొత్త కావు గాని, మన వెండితెర న్యాయవాదులు చట్టముకంటె కంఠమునే ఎక్కువగా ప్రయోగించుట అలవాటు. 2025 మార్చి 14న వచ్చిన రామ్ జగదీశ్ చిత్రము ‘కోర్ట్’ ఆ అలవాటును చాలవరకు మానినది. 2013లో విశాఖపట్టణమున జరిగినట్లు చెప్పిన ఈ కథలో పందొమ్మిదేండ్ల పేద యువకుడును పదునేడేండ్ల సంపన్న బాలికయు ప్రేమించుకొందురు. పరువే ప్రాణమైన ఆ బాలిక బంధువు మంగపతి, యువకునిపై పోక్సో చట్టము క్రింద నేరము మోపించును. 2012లో వచ్చిన ఆ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని లైంగిక దౌర్జన్యమునుండి కాపాడుటకు చేయబడినది. ఆ వయస్సు లోపువారి సమ్మతిని చట్టము సమ్మతిగా గణింపదు. కావుననే అబద్ధపు సాక్ష్యములతో కూడిన ఆరోపణ యెదుట ఆ యువకుని పక్షమున పలుకుటకు ఎవరును ముందునకు రారు. చిత్రము చట్టమును నిందింపక, దానిని పిల్లలకు తెలుపని పెద్దలను నిలదీయును. మంగపతిగా శివాజీ నటనను చూచి, ఇట్టి మేనమామనో పెదతండ్రినో ఎచటనో చూచితిమే యని జంకనివారు తక్కువ. తుదివాదము మాత్రము ఉపన్యాసముగా సాగినది. అంతవరకు సాక్ష్యములోని సందులను వెదకి నడచిన వకీలు, అచట సభను ఉద్దేశించి మాట్లాడును. న్యాయస్థానపు కథ తన ధర్మమును విడిచిన చోటు అదియే.

భయానకమునకు వత్తము. కార్తీక్ దండు తీసిన ‘విరూపాక్ష’లో రుద్రవనమను కల్పిత గ్రామము గలదు. 1979లో క్షుద్రపూజల నెపమున గ్రామస్థులు చేసిన ఘోరమునకు ఫలముగ, పండ్రెండేండ్ల తరువాత 1991లో వరుస మరణములు సంభవింపగా, ఊరిని అష్టదిగ్బంధనము చేసి ఎవరును లోనికి రాకుండ, బయటికి పోకుండ కట్టడి చేయుదురు. భయమును పుట్టించు విద్యలో ముఖ్యసూత్రము చూపుటకంటె దాచుటయే యని ఈ దర్శకుడెరుగును. చీకటిలో ఊగు లాంతరు, తలుపు వెనుకటి అలికిడి, మాటలు మాని తలలు వంచుకొనిన జనము ఇవియే పూర్వార్ధమును నడిపించినవి. ఉత్తరార్ధమున కారణములను పూసగ్రుచ్చినట్లు వివరించుటకు పూనుకొనుటతో భయము పలుచబడినది. ప్రేమకథయు అక్కరకు మించినది. ఐనను కొసన వచ్చు మలుపు కొరకైనను చూడవలసినదే. పెద్దలకు మాత్రమే అను ధ్రువపత్రమును పొందిన చిత్రమిది; పసిపిల్లలను తీసికొని పోరాదు. భయమును నవ్వుతో కలిపి కోరువారికి ప్రవీణ్ కండ్రేగుల తీసిన ‘శుభం’ గలదు. టీవీ సీరియలు వేళ కాగానే ఇల్లాండ్రకు ఏదో ఆవహించుటయు, అంతవరకు ఇంట పెత్తనము చెలాయించిన మగలు మూలల కొదుగుటయు అందలి ముచ్చట.

అద్భుతరసమునకు చెందిన రెండు చిత్రములు 2024లోనే వచ్చినవి. వానిలో ప్రశాంత్ వర్మ తీసిన ‘హను-మాన్’ను జనులు విదేశపు సూపర్ హీరో కథలతో పోల్చిరి గాని, నా దృష్టిలో దాని పూర్వికుడు మన ‘పాతాళభైరవి’లోని తోటరాముడే. అంజనాద్రి యను పల్లెలో చిల్లర దొంగతనములు చేయుచు తిరుగు అనామకునకు ఒక దివ్యమణి దొరకుటయు, దాని బలమును కోరి దుష్టుడొకడు దూరమునుండి వచ్చుటయు అచ్చమైన జానపద కథానిర్మాణము. పెద్ద నటుల చిత్రముల వ్యయముతో పోల్చినచో స్వల్పధనముతో తీసిన ఈ చిత్రమునకే జాతీయ పురస్కారములలో దృశ్యమాయకును, పోరాట నిర్దేశకత్వమునకును గౌరవము దక్కినది.

నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏడీ’ని గూర్చి ఏకాభిప్రాయము కలుగుట కష్టము. కురుక్షేత్రమున శాపగ్రస్తుడైన అశ్వత్థామ ఆరువేల సంవత్సరములు బ్రదికి, గంగ ఎండిపోయిన కాశీలో, రాబోవు అవతారపురుషుని మోయు తల్లికి కావలి కాయుట యను ఊహ ఒక్కటియే చాలు, ఈ చిత్రము చరిత్రలో నిలుచుటకు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో కాలయంత్రమును కల్పించిన తరువాత తెలుగుతెరపై భవిష్యత్తును ఇంత నిండుగా ఎవరును ఊహింపలేదు. అమితాబ్ బచ్చన్ నిలువెత్తు అశ్వత్థామగా కనబడినప్పుడెల్ల కథ గంభీరమగును. నాయకుడైన భైరవుడు తన బండితో పలుకు పరిహాసములును, అతిథినటుల రాకపోకలును పూర్వార్ధమును చెల్లాచెదరు చేసినవి. పురాణమును విజ్ఞానకల్పనతో కలిపిన సాహసమును నేను మెచ్చుదును. వానితో కలిసిన మూడవదానిని, అనగా నాయకుని అభిమానుల కొరకు చేర్చిన భాగమును, మెచ్చజాలను.

నేరపు కథలలో వెంకీ అట్లూరి చిత్రము ‘లక్కీ భాస్కర్’ ప్రత్యేకముగ పేర్కొనదగినది. తీరని అప్పులు గల ఒక బ్యాంకు క్యాషియరు, వెనుకటి బొంబాయిలో, బ్యాంకు సొమ్మును రహస్యముగ వాడుకొని మరల యథాస్థానమున పెట్టుటతో ప్రారంభించి, 1992లో బయటపడిన షేరుమార్కెటు కుంభకోణమును పోలిన వ్యవహారము వరకు ప్రాకును. ఒక బ్యాంకు మరియొక బ్యాంకునకు ప్రభుత్వ ఋణపత్రములను అమ్మునప్పుడు, పత్రములను వెంటనే అందింపక బదులుగా రసీదునిచ్చెడి పద్ధతి ఆనాడుండెను; వెనుక పత్రములే లేని రసీదులు పుట్టినచో ఏమగునో ఊహింపవచ్చును. ఇంతటి చిక్కు వ్యవహారమును నాయకుడు సూటిగా ప్రేక్షకుల వంక తిరిగి చెప్పుట చేత, బ్యాంకు గడప తొక్కనివారికి సైతము బోధపడినది. దొంగతనము ఇంత సులభమా యని ఇంటికి వచ్చుత్రోవలో కొందరనుకొనిన యెడల ఆ దోషము దర్శకునిదే! మలయాళ నటుడైన దుల్కర్ సల్మాన్ మధ్యతరగతి అవమానములను కనులతోనే పలికించెను. ధనమును గూర్చియే తీసిన శేఖర్ కమ్ముల ‘కుబేర’లో బిచ్చగాండ్రను బినామీలుగా వాడు కోటీశ్వరుని కథ మిక్కిలి బలమైనదే గాని, మూడు గంటల నిడివి దానికి బరువైనది.

హాస్యమును గూర్చి చెప్పవలసినది స్వల్పము. ‘సంక్రాంతికి వస్తున్నాం’ ఇంటిల్లిపాదియు కలిసి చూచుటకు. ‘మత్తు వదలరా 2’ నేటి యువకుల వెటకారము రుచించువారికి. ఎంసెట్ తప్పి లాంగ్ టర్మ్ కోచింగులో పడిన ఇరువురి అల్లరియైన ‘లిటిల్ హార్ట్స్’ ఆ దశను తాము గడిపినవారికి. మూడింటిలో నాకు చివరిదే నచ్చినది.

శృంగారమని పిలువదగునో లేదో యని సందేహము కలిగించు చిత్రము 2025 నవంబరులో వచ్చిన, రాహుల్ రవీంద్రన్ తీసిన ‘ది గర్ల్‌ఫ్రెండ్’. మన ప్రేమకథలు తరతరములుగా నాయకుని పట్టుదలను, అనుమానమును, కోపమును ప్రేమకు గుర్తులుగా కీర్తించినవి. ఈ చిత్రము అవియే లక్షణములను నాయిక స్థానమునుండి చూపును. సాహిత్యమును చదువ వచ్చిన భూమ యను పిల్ల, ప్రేమించుటకు తాను ఎన్నడు అంగీకరించినదో తనకే తెలియక, ఇరుకైన గదిలో బంధింపబడినట్లు మెల్లమెల్లగా కుంచించుకొని పోవుటను రష్మిక మందన్న మితభాషణముతో పోషించినది. యౌవనమున అడుగిడిన కుమారులు గల తల్లిదండ్రులు కుమార్తెలకు కాక కుమారులకే ఈ చిత్రమును ముందుగా చూపవలెను.

ఇందు పెక్కు చిత్రములు ఇప్పటికే ఓటీటీలలో చేరినవి గనుక తీరికను బట్టి చూడవచ్చును. ‘కల్కి’, ‘హను-మాన్’, ‘విరూపాక్ష’ ఇంటి తెరపై సగము చిక్కిపోవును. మరల థియేటరులో వేసిన దినము దొరకినచో విడువకుడు. ‘బలగం’, ‘35’ ఇంటిలో పెద్దలతోను పిల్లలతోను కూర్చుండి చూచినను ఏమియు తరుగవు. ఇకముందు వచ్చువాని విషయమున పాఠకులకు నా మనవి యొక్కటి: పెద్ద నటుని చిత్రము మీరు ఆలస్యముగ పోయినను ఆడుచునే యుండును, పేరులేని నటుల చిత్రమునకు మొదటి శుక్ర, శని, ఆదివారములలో జనము రానిచో సోమవారమునకే ఆటలు తగ్గించి వేయుదురు. అట్టి చిత్రము బాగున్నదని విన్ననాడే, ఓటీటీలో రానిమ్మని వాయిదా వేయక, టిక్కెట్టు కొనుడు.