కొండ ఊట ఇంట్లోకొస్తే...

వానలు వెలిసి వారం దాటింది. ఎండ కాస్తోంది. అయినా గదిలో పరిచిన చాప అడుగున తడి! ఇంటాయన పైకప్పు వంక చూస్తాడు, ఇంటావిడ కుళాయి గొట్టాన్ని అనుమానిస్తుంది. నీరొచ్చేదేమో నేలలోంచి.

విశాఖ శివార్లలోని యారాడలాంటి చోట ఇందులో వింతేం లేదు. మూడు వైపులా కొండ, నాలుగో వైపు సముద్రం. ఇక్కడి కొండలు ఖొండలైట్ రాయి. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది కానీ పగుళ్లెక్కువ. పైపొర ఏళ్ల తరబడి శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. కురిసిన వాన ఆ పగుళ్లలోకి దిగి, మెల్లగా నడిచి, వాలు చివర సందు దొరికిన చోట బయటపడుతుంది. సింహాచలం గంగధార, మాధవధార... ఇవన్నీ కొండ దాచుకున్న నీళ్లే. అక్కడ దోసిలి పడతాం. అదే ఊట వంటింటి గచ్చులోంచి వస్తే మేస్త్రీకి కబురు పెడతాం!

ఆయన సాధారణంగా చేసేది ఒకటే. పెచ్చులూడిన చోట చెక్కి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు పూస్తాడు. మళ్లీ వానలొచ్చేసరికి అది ఉబ్బి ఊడిపోతుంది. పాపం, పనితనంలో లోపం ఉండకపోవచ్చు. గచ్చుకన్నా ఒక్క అడుగు ఎత్తున భూగర్భజలం నిలిచిందనుకోండి. పదడుగుల చదరపు గది నేలను అది కింది నుంచి దాదాపు 2.8 టన్నుల బలంతో నెడుతుంది. లోపలి పూత ఎంతకని ఆగుతుంది?

ముందు ఆ తడి ఎక్కడిదో తేల్చుకోవాలి. సముద్రపు గాలిలోని తేమ కూడా చల్లటి గచ్చు మీద చెమర్చగలదు. రెండడుగుల ప్లాస్టిక్ షీటును నేలకు నాలుగువైపులా టేపుతో అంటించి ఒకరోజు వదిలేయండి. షీటు పైన తడి చేరితే గాలిది, అడుగున చేరితే నేలది. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, తెల్లారాక ట్యాంకు మట్టం చూస్తే గొట్టం సంగతీ తేలిపోతుంది.

నేలదే అయితే వైద్యం బయట జరగాలి. ఇంటికి ఎగువన, కొండవైపు కాలువ తవ్వించాలి. దాని అడుగు గచ్చు మట్టానికి కాస్త దిగువన ఉండాలి గానీ, పునాది అడుగుకన్నా లోతుకు వెళ్లకూడదు. అందులో జియోటెక్స్‌టైల్ అనే వడపోత గుడ్డ పరిచి, చిల్లుల పీవీసీ గొట్టం వేసి, కంకర నింపాలి. నూరడుగులకు అడుగు చొప్పున వాలు ఇచ్చి పల్లానికి వదిలేయాలి. గుడ్డ ఖర్చు దండగ అనుకుంటే ఎర్రమట్టి చేరి గొట్టం పూడుకుపోతుంది. నీటిని పక్కింటి గోడ మీదికి వదిలారో, ఊట పోయి తగవు వస్తుంది.

బయట తవ్వే జాగా లేనివారు ఇంట్లోనే బాగా పల్లంగా ఉన్న మూల చిన్న గుంత కట్టి, మట్టం పెరగ్గానే దానంతటదే ఆడే మోటారు పెట్టించుకోవచ్చు. తోడే నీటిలో మట్టి వస్తుంటే మాత్రం ఆపేసి ఇంజినీరును పిలవాలి. పునాది కింది నేల కొట్టుకుపోతోందని అర్థం.

అన్నట్టు, ఇంకుడు గుంత. 2000లో ‘నీరు-మీరు’ మొదలయ్యాక అది ఇంటింటి మాటయింది. మంచిదే. కానీ వాలు మీది ఇంటికి ఎగువన, గోడ పక్కనే తవ్వితే డాబా మీది వాననంతా చేజేతులా పునాదిలోకి పంపినట్టే. దాని చోటు ఇంటికి దిగువన, గోడకు ఎడంగా.